లేబుల్ ఊడిన ఎనిమిది డబ్బాలు: ఏది ఏ పొడో నోట్లో పెట్టకుండా కనుక్కునేదెలా?

కొర్లగుంట_అమ్మ
శనివారం, ఉదయం 8:40

అందరికీ నమస్కారం. పోయిన వారం తిరుపతిలోనే కొర్లగుంట నుంచి ఎమ్మార్‌పల్లికి ఇల్లు మారాం. సామాను దించేటప్పుడు వాన పడి వంటింటి అట్టపెట్టె తడిసిపోయింది. డబ్బాల లోపలికి నీళ్లు పోలేదు, అదొక్కటే నయం. కానీ మూతల మీద అంటించిన చీటీలన్నీ నాని ఊడిపోయాయి. ఇప్పుడు నా ముందు ఎనిమిది డబ్బాలున్నాయి. ఎనిమిదింట్లోనూ తెల్ల పొడే.

ఇంట్లో ఉండేవి నాకు తెలుసు. బియ్యప్పిండి, మైదా, కార్న్‌ఫ్లోర్, వంటసోడా, బేకింగ్ పౌడర్, మిక్సీలో వేసి పెట్టుకున్న చక్కెర పొడి, నిమ్మ ఉప్పు. ఏడయ్యాయి. ఎనిమిదోది ఏంటో నాకూ గుర్తు లేదు, మా అత్తకూ గుర్తు లేదు.

నిన్న సాయంత్రం అత్త ఒక డబ్బా మూత తీసి, వేలు ముంచి నాలుక దగ్గరికి తీసుకుపోయింది. "దీనికెందుకే ఇంత యోచన, కొంచెం నాకితే తెలిసిపోదా" అంటుంది. ఆమెకు కంట్లో శుక్లాలు, ఆపరేషన్ ఇంకా కాలేదు. ఇన్నేళ్లూ నాలుకతో, వేళ్లతోనే వంట చేసిన మనిషి. నేను చెయ్యి పట్టుకుని ఆపేశాను. ఇల్లు మారే ముందు రెండు మూడు సార్లు మా ఇంట్లో బోండాలు ఎందుకో చేదుగా, సబ్బు రుచితో వచ్చాయి. ఆ సంగతి మనసులో పడి ఉంది.

అన్నీ పారేయొచ్చు. కానీ ఏడో తరగతి చదివే మా పాప "అమ్మా, సోడాను పసుపుతో కనుక్కోవచ్చు, మా పాఠంలో ఉంది" అని పట్టుబట్టి కూర్చుంది. ఇంట్లో ఉన్న వస్తువులతోనే తేల్చడానికి దారి ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

బైరాగిపట్టెడ_నర్సు
శనివారం, ఉదయం 9:15

అక్కా, చెయ్యి పట్టుకుని ఆపారు చూడండి, అదే ముఖ్యం. నేను పిల్లల వార్డులో పని చేసినప్పుడు మూడేళ్ల పాపను తెచ్చారు. పూజ గది అరలో హారతి కర్పూరం బిళ్లలుంటే కలకండ అనుకుని రెండు నమిలింది. ఇంట్లోంచి బయల్దేరేలోపే ఫిట్స్ మొదలయ్యాయి. పాప బతికింది, ఇప్పుడు బడికి పోతోంది. కానీ ఆ తల్లి ముఖం నేను మర్చిపోలేదు.

తెలియనిది ఏదైనా పిల్లలు మింగితే గొంతులో వేలు పెట్టి కక్కించే ప్రయత్నం చెయ్యొద్దు. కొన్ని పొడులు పోయేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఇంకోసారి గొంతును కాలుస్తాయి. మింగిన పొడి డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. అదేంటో తెలిస్తే డాక్టర్లకు సగం పని అయినట్టే.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
శనివారం, ఉదయం 11:02

అమ్మా, మీ పాప చెప్పింది నిజం. నేను డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో పని చేసి రిటైరయ్యాను. పిల్లలకు ఏటా మొదటి ప్రాక్టికల్‌లో ఇచ్చే పని ఇదే. ఇచ్చిన తెల్ల పొడి ఏంటో చెప్పడం. అక్కడ వాళ్లకు యాసిడ్లు, బర్నర్ ఉంటాయి. మీ వంటింట్లో ఉన్నవీ తక్కువేమీ కావు.

ముందు ఒక మాట గట్టిగా చెప్తాను. తెలియని పొడిని ఒంటరిగా పరీక్షిస్తే మోసపోతాం. పక్కన తెలిసిన పొడి ఒకటి ఉండాలి, ఏ పొడీ కలపని వట్టి నీళ్లు ఒకటి ఉండాలి. కొత్త వంటసోడా ప్యాకెట్ ఒకటి, కొత్త కార్న్‌ఫ్లోర్ ప్యాకెట్ ఒకటి కొనండి, వాటి సీలు మీ చేత్తోనే తెంచండి. ఎర్రబడింది, పొంగింది అని రాస్తే చాలదు. తెలిసిన సోడా ఎంత ఎర్రబడింది, ఇది ఎంత ఎర్రబడింది అన్నదే అసలు ప్రశ్న.

డబ్బాలకు మార్కర్‌తో 1 నుంచి 8 దాకా అంకెలు వెయ్యండి. మూత మీద కాదు, డబ్బా ఒంటి మీద. మూతలు మారిపోతాయి. ఒక్కో డబ్బాకు ఒక్కో చెంచా. పావు చెంచా పొడికి నాలుగు చెంచాల నీళ్లు చాలు.

మొదట నీళ్లు. చక్కెర, సోడాలు, నిమ్మ ఉప్పు కరిగి నీళ్లు తేటగా ఉంటాయి. పిండ్లు కరగవు, కాసేపటికి అడుగున కూర్చుంటాయి. బేకింగ్ పౌడర్ అయితే గోరువెచ్చటి నీళ్లు పోయగానే తనంతట తనే బుసబుసమంటుంది. వంటసోడా, దాన్ని పొంగించే పులుపు పొడి, రెండూ అందులోనే కలిపి ఉంటాయి. అవి నిల్వలో ఒకదాన్నొకటి తగలకుండా కార్న్‌ఫ్లోర్ కూడా కలుపుతారు.

రెండోది పసుపు. ఎర్రనీళ్లతో దిష్టి తీయడం మనందరికీ తెలుసు కదా. పసుపు నీళ్లలో కాస్త సున్నం వెయ్యగానే ఎర్రబడుతుంది. అది సున్నానికే కాదు, క్షార గుణం ఉన్న దేనికైనా అంతే. కూర మరక పడిన చొక్కాకు సబ్బు రుద్దితే ఎర్రగా మారేదీ అందుకే. పసుపులోని రంగు నీళ్లలో సరిగా దిగదు, చేతులకు రాసుకునే శానిటైజర్‌లో బాగా దిగుతుంది. ఒక చెంచా పసుపును శానిటైజర్‌లో కలిపి, తేరుకున్నాక పైనున్న పచ్చటి ద్రవాన్ని వాడండి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, అది అంటుకుంటుంది.

మూడోది నిమ్మరసం. సోడాలు పొంగుతాయి. సున్నపురాయి పొడి కూడా పొంగుతుంది, కాకపోతే నెమ్మదిగా.

నాలుగోది అయోడిన్. మందుల అంగట్లో పుండ్లకు పూసే బెటాడిన్ అడగండి. రెండు చుక్కలకు ఇరవై చుక్కల నీళ్లు కలిపి పలచన చెయ్యండి. గంజి పదార్థం ఉన్న పిండి మీద వేస్తే అల్లనేరేడు పండు రంగు వస్తుంది. కాగితం మీద పొడి పోసి చెయ్యొద్దు. చాలా రకాల కాగితాల తయారీలో గంజి కలుపుతారు, కాగితమే నీలమైపోతుంది. స్టీలు పళ్లెమో గాజు సాసరో తీసుకోండి.

ఏ డబ్బాలో పొడైనా కుళాయి నీళ్లలో కలిపే మందు వాసన వస్తే అక్కడే ఆపెయ్యండి. అది బ్లీచింగ్ పౌడర్ కావచ్చు, దాని మీద పులుపు పడితే విషవాయువు వస్తుంది. గాలికి చెమ్మగిల్లే తెల్ల రేకులుంటే ముట్టుకోవద్దు, కాస్టిక్ సోడా అయ్యే ప్రమాదం ఉంది. ఏ పొడినీ పొయ్యి మీద పెట్టొద్దు. ముందు ఈ నాలుగూ చేసి చూడండి.

పుత్తూరు_కోడలు
శనివారం, మధ్యాహ్నం 1:30

సార్ చెప్పిన పసుపు పనికి ఇంకో తోడు ఉంది. శంఖుపూలు. మా పెరట్లో కంచె నిండా ఉన్నాయి. పది పూలు వేడినీళ్లలో వేస్తే ముదురు నీలం దిగుతుంది. అందులో నిమ్మరసం పడితే వంగపండు రంగు, సోడా పడితే ఆకుపచ్చ. పసుపు సోడాను ఒక్కదాన్నే పట్టిస్తుంది. పులుపు కలిస్తే దానిలో మార్పేమీ కనపడదు. శంఖుపూలు రెండింటినీ పట్టిస్తాయి. మా పిల్లలు దీన్ని చూసి గంటసేపు కదల్లేదు.

కొర్లగుంట_అమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 12:20

పొద్దున ఏడింటికి మొదలుపెట్టాం, ఇప్పుడు అయింది. పాప నోట్ పుస్తకంలో గళ్లు గీసి రాసింది. నేను కళ్లతో చూసింది చెప్తాను.

నీళ్లలో 2, 3, 5 కరిగిపోయాయి. 1, 4, 6, 8 అడుగున కూర్చున్నాయి. 7 మీద గోరువెచ్చటి నీళ్లు పోయగానే కప్పు అంచు దాకా నురగ. పాప ఎగిరి గంతేసింది. అది బేకింగ్ పౌడరేనని ఆ ఒక్కటి మాత్రం అప్పుడే రాసేసుకున్నాం. అయోడిన్ వేస్తే నీలం కూడా వచ్చింది, సార్ చెప్పినట్టు కార్న్‌ఫ్లోర్ ఉన్నందుకు.

3 దేనికీ మారలేదు. పసుపుకు లేదు, నిమ్మకు లేదు, అయోడిన్‌కు లేదు. భూతద్దంలో మెరిసే ముక్కలు కనపడ్డాయి. చక్కెర పొడి అనుకుంటున్నాం.

1, 4 అయోడిన్‌కు వెంటనే నీలం. వీటిలో బియ్యప్పిండి ఏది, మైదా ఏది అనేది చేత్తో తేల్చాం. రెంటినీ నీళ్లతో ముద్ద చేశాం. 4 సాగింది, 1 సాగకుండా విరిగిపోయింది. పాప 4 ముద్దను కుళాయి కింద పెట్టి పిసుకుతూ పోయింది. పాల లాంటి నీళ్లు కారి కారి, చివరికి దాని అరచేతిలో చూయింగ్ గమ్ లాంటి బూడిద రంగు ముక్క మిగిలింది. లాగితే సాగి మళ్లీ వెనక్కి పోతోంది. అత్త వేళ్లతో పట్టుకుని చూసి "ఇది పిండిలోనే ఉండిందా" అని అడిగింది. బియ్యప్పిండి ముద్ద అయితే కుళాయి కింద మొత్తం కొట్టుకుపోయింది.

కష్టం వచ్చింది 6 దగ్గర. అది కార్న్‌ఫ్లోర్ అని నా నమ్మకం. వేళ్ల మధ్య నలిపితే కిచకిచమంటుంది. కానీ అయోడిన్ వేస్తే నీలం రాలేదు, వేసిన గోధుమ రంగు కూడా మాయమైంది.

5 పసుపుకు మారలేదు, శంఖుపూల నీళ్లను వంగపండు రంగు చేసింది. దాని నీళ్లలో వంటసోడా వేస్తే పొంగింది. నిమ్మ ఉప్పే కదా?

2 పసుపుకు ఎర్రబడింది, నిమ్మకు పొంగింది. వంటసోడా అని రాశాం. 8 మాత్రం అర్థం కావడం లేదు. కరగదు, అయోడిన్‌కు మారదు, నిమ్మరసం వేస్తే చిన్న చిన్న బుడగలు నిదానంగా వస్తున్నాయి.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
ఆదివారం, మధ్యాహ్నం 2:45

చాలా బాగా చేశారు. మైదాలో మిగిలిన ఆ సాగే ముక్క గ్లూటెన్, గోధుమలోని మాంసకృత్తు. పరోటా సాగడం, బ్రెడ్డు పొంగి నిలబడటం దానివల్లే. బియ్యంలో అది లేదు.

6 గురించి అడుగుతాను. అయోడిన్ వేసిన పళ్లెంలోనే అంతకు ముందు నిమ్మరసం పిండారా?

కొర్లగుంట_అమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 2:58

అవును సార్. 6కు వచ్చేసరికి పళ్లేలు అయిపోయాయి. నిమ్మరసం వేసిన దాని మీదే అయోడిన్ కూడా వేశాం.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
ఆదివారం, మధ్యాహ్నం 3:20

అదే కారణం. నిమ్మరసంలోని సి విటమిన్ అయోడిన్‌ను రంగు లేనిదిగా మార్చేస్తుంది. గంజి అక్కడే ఉంది, దాన్ని పట్టించే అయోడిన్ మిగల్లేదు. కొత్త పళ్లెంలో 6 మళ్లీ చెయ్యండి, నల్లగా వస్తుంది. వచ్చాక రెండు చెంచాల పొడికి ఒక చెంచా నీళ్లు కలిపి వేలితో గట్టిగా పొడవమని పాపకు చెప్పండి. పొడిస్తే రాయిలా నిలుస్తుంది, మెల్లగా వేలు దించితే నీళ్లలా దిగుతుంది. కార్న్‌ఫ్లోర్‌కు ఆ గుణం బాగా కనపడుతుంది.

ఈ పొరపాటు గురించి నోట్ పుస్తకంలో తప్పకుండా రాయించండి. కొట్టేయొద్దు. నా సర్వీసులో పిల్లలు ఎక్కువగా నేర్చుకుంది ఇలాంటి చోటే.

ఇప్పుడు 2 సంగతి. "ఎర్రబడింది" అని రాశారు. కొత్త ప్యాకెట్ సోడా పక్కన పెట్టి చూశారా?

పుత్తూరు_కోడలు
ఆదివారం, సాయంత్రం 4:05

5 గురించి నాకు అనుమానం. పటిక పొడి కూడా సరిగ్గా ఇలాగే చేస్తుంది. కరుగుతుంది, పులుపు గుణం ఉంటుంది, సోడా వేస్తే పొంగుతుంది. మా ఇంట్లో నీళ్లు తేర్చడానికి పటిక పొడి చేసి పెట్టుకునేవాళ్లం. అందుకే అడుగుతున్నాను.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
ఆదివారం, సాయంత్రం 4:30

పుత్తూరమ్మా, మంచి అనుమానం. నేను చెప్పకుండా వదిలేశాను. పొంగు తగ్గేదాకా ఆగి గ్లాసులోకి చూడండి. నిమ్మ ఉప్పు అయితే నీళ్లు తేటగా ఉంటాయి. పటిక అయితే పలచని గంజిలా తెల్లటి జిగురు తేలుతుంది. బురద నీళ్లను తేర్చేది ఆ జిగురే. మట్టి రేణువులను పట్టుకుని కిందికి లాగేస్తుంది.

చిత్తూరు_బెల్లం_మండీ
ఆదివారం, సాయంత్రం 6:10

మధ్యలో వస్తున్నాను, మన్నించండి. పసుపులో పిండి కలిపారేమో చూడాలంటే అయోడిన్ వేస్తే చాలు కదా? మా ఇంట్లో వేస్తే నీలం వచ్చింది. అంగడాయనతో గొడవ పెట్టుకుందామని ఉన్నాను.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
ఆదివారం, సాయంత్రం 6:40

ఆగండి నాయనా, గొడవ వద్దు. పసుపు దుంప. దుంపలో గంజి సహజంగానే ఉంటుంది. కల్తీ లేని పసుపు కూడా అయోడిన్‌కు నీలమే అవుతుంది. అంగట్లో దొరికే పొడి ఇంగువ కూడా అంతే, దానిలో పిండి, జిగురు కలిపే అమ్ముతారు, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. గంజి ఉండకూడని చోట ఉందా అన్నప్పుడే అయోడిన్ పనికొస్తుంది.

ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఇంట్లోనే కల్తీ కనుక్కోవడానికి డార్ట్ అనే పుస్తకం వేసింది. పసుపుకు అందులో తేలికైన పద్ధతి ఉంది. గ్లాసు నీళ్లలో ఒక చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగి, పైన నీళ్లు లేత పచ్చగా ఉంటాయి. రంగు కలిపినదైతే నీళ్లు మొత్తం చిక్కటి పచ్చగా మారతాయి.

చిత్తూరు_బెల్లం_మండీ
ఆదివారం, సాయంత్రం 7:15

బతికించారు సార్. మాది బెల్లం వ్యాపారం కాబట్టి ఒకటి నేనూ చెప్తాను. కొనేవాళ్లు పచ్చగా మెరిసే బెల్లమే అడుగుతారు. చెరుకు రసం కాచితే సహజంగా వచ్చే రంగు ముదురు గోధుమ. మరీ తెల్లబారిన బెల్లం అంటే తెల్లబరిచే మందు పడి ఉండొచ్చు. ఆ మందును ఇంట్లో నిమ్మకాయతో కనుక్కోలేం. నిమ్మకాయతో తెలిసేది సోడా ఎక్కువ కలిపారా అన్నది మాత్రమే. బెల్లం ముక్క చితక్కొట్టి, నిమ్మరసం పిండితే గట్టిగా పొంగకూడదు. కాచేటప్పుడు రసం తేరడానికి కాస్త సున్నం వేయడం పాత పద్ధతే, కల్తీ కాదు. నీళ్లలో కరిగిస్తే అడుగున కొంచెం నల్లటి నలుసు, చెరుకు పీచు కనపడితే భయపడొద్దు. తెల్లటి పొడి పేరుకుంటే మాత్రం అడగండి.

పలమనేరు_పాలు
ఆదివారం, రాత్రి 8:00

పాలలో గంజి కలిపారేమోనని అయోడిన్ వేసేవాళ్లు పాలు కాచి, పూర్తిగా చల్లార్చి వెయ్యండి. వేడి మీద వేస్తే గంజి ఉన్నా నీలం కనపడదు, చల్లారాక వస్తుంది. మా సెంటర్‌లో కొత్తగా చేరిన పిల్లాడు వేడి పాలలో వేసి "బాగున్నాయి" అని రాశాడు. అరగంటకు అదే గ్లాసు నీలంగా ఉంది.

కొర్లగుంట_అమ్మ
ఆదివారం, రాత్రి 9:10

6 మళ్లీ చేశాం. కాటుక రంగు వచ్చింది. కార్న్‌ఫ్లోరే. 5లో సోడా వేసి పొంగు తగ్గాక చూస్తే నీళ్లు అద్దంలా ఉన్నాయి. మా ఆయన గడ్డం గీసుకున్నాక రాసుకునే పటిక ముక్క నుంచి కొంచెం గీకి పక్క గ్లాసులో అదే చేశాం, అది తెల్లగా గంజి కట్టింది. కాబట్టి 5 నిమ్మ ఉప్పు.

ఇక 2. సార్ అడిగినట్టు కొత్త ప్యాకెట్ సోడాను పక్కన పెట్టాం. రెండు సాసర్లు, రెంట్లోనూ అదే పసుపు, ఐదేసి చుక్కలు. కొత్త సోడా నారింజ రంగు దాటి కాస్త ఎర్రబడి ఆగింది. 2 మాత్రం పారాణిలా చిక్కటి ఎరుపు. శంఖుపూల నీళ్లలో కొత్త సోడా నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు ఇస్తే, 2 అచ్చం ఆకుపచ్చ అయి, కాసేపటికి పసుపు వైపు తిరిగింది. అయోడిన్ వేస్తే దాని రంగే పోయింది. నిమ్మరసం ఎక్కడా తగలనివ్వలేదు, పాప కాపలా కాసింది.

సార్, రెండూ ఒకటి కావు కదా?

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
ఆదివారం, రాత్రి 9:45

కావు అమ్మా. 2వ డబ్బాను ఇప్పుడే వంటింట్లోంచి తీసి బయట పెట్టండి. అది బట్టల సోడా అని నా అంచనా. పీహెచ్ అంటే పులుపును, క్షార గుణాన్ని కొలిచే అంకె, 7 దాటితే క్షారం. వంటసోడా నీళ్ల పీహెచ్ 8 దాటి కొంచెం ఉంటుంది. బట్టల సోడాది 11 చుట్టూ. పసుపు అంత ముదిరిపోవడం, అయోడిన్ రంగు పోవడం రెండూ ఆ గాఢమైన క్షార గుణానికే సరిపోతాయి. రెండూ నిమ్మకు పొంగుతాయి కాబట్టి పొంగును చూసి నిర్ణయించలేం.

తొందరపడి ఎవరినీ అనకండి. వంటసోడా కూడా వేడి తగిలితే బట్టల సోడాగా మారిపోతుంది. కావాలంటే చేసి చూడండి. కొత్త సోడా 100 గ్రాములు తూచి, పాత బాణలిలో సన్న మంట మీద కలుపుతూ అరగంట వేయించండి. ఆవిరి, బొగ్గుపులుసు వాయువు పోయి చివరికి దాదాపు 63 గ్రాములే మిగులుతుంది. దాని మీద పసుపు వేస్తే మీ 2వ డబ్బాలా ఎర్రబడుతుంది. (పొయ్యి మీద పెట్టొద్దన్నది తెలియని పొడుల గురించి. ఇది మనం సీలు తెంచిన ప్యాకెట్.) ఈ బాణలిని తర్వాత బాగా కడగండి. బోండాల పిండిలో పెరుగు లేకుండా సోడా ఎక్కువ వేసినా నూనె వేడికి లోపల జరిగేది ఇదే. అందుకే ఆ సబ్బు రుచి. కాబట్టి బోండాల చేదు ఒక్కటే సాక్ష్యం కాదు.

ఖాయం చేసుకోవాలంటే ఎరువుల అంగట్లో మెగ్నీషియం సల్ఫేట్ దొరుకుతుంది. దాన్ని చల్లటి నీళ్లలో కరిగించి, రెండు సోడాల నీళ్లలోనూ కొంచెం పోయండి. బట్టల సోడాలో వెంటనే తెల్లటి మడ్డి దిగుతుంది. వంటసోడాలో చల్లగా ఉన్నంతసేపు తేటగా ఉంటుంది.

బైరాగిపట్టెడ_నర్సు
ఆదివారం, రాత్రి 10:05

అక్కా, బోండాల గురించి టెన్షన్ పడొద్దు. వాటిలో పడేది చిటికెడు, తిని చాలా రోజులైంది, అందరూ బాగున్నారు. ఎవరికైనా గొంతులో, కడుపులో మంట ఉంటే మాత్రం డాక్టరుకు చెప్పండి. ఆ పొడి నేరుగా నాలుక మీద పడినా, కంట్లో పడినా కాలుతుంది. అత్తమ్మకు కంటి ఆపరేషన్ ముందుంది కాబట్టి ఆ డబ్బా ఆమె చేతికి అందకుండా ఉంచండి. ఎప్పుడైనా కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడిగి, ఆ తర్వాతే బయల్దేరండి.

శ్రీకాళహస్తి_అంగడి
సోమవారం, ఉదయం 7:30

కిరాణా నడిపేవాడిగా రెండు విషయాలు. ఆవాల్లో బ్రహ్మదండి గింజలు కలిసి వస్తుంటాయి. రంగు, సైజు దాదాపు ఒకటే. ఆవగింజ పైన నునుపు, నలిపితే లోపల పసుపు. బ్రహ్మదండి గింజ గరుకు, నలిపితే లోపల తెలుపు. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. 1998లో ఢిల్లీలో ఆ నూనె కలిసిన ఆవనూనె తిని కాళ్లు వాచి ఎంతోమంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు కూడా పోయాయి.

రెండోది మిరియాల్లో బొప్పాయి గింజలు. నీళ్లలో వేస్తే మిరియం మునుగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది అంటారు. నిజమే గానీ తాలు మిరియాలు కూడా తేలుతాయి. తేలిన వాటిని చిదిమి వాసన చూడండి. మిరియం వాసన దాచినా దాగదు.

పుత్తూరు_కోడలు
సోమవారం, ఉదయం 8:10

8 మీద నా ఊహ ఒకటి. మీ ఇంట్లో నామాలు పెట్టుకుంటారా? తిరుమణి పొడి అయ్యుంటుందా?

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
సోమవారం, ఉదయం 8:50

తిరుమణి అంటే తెల్లటి బంకమట్టి. నిమ్మరసానికి పొంగదు. తడి చేసి వేళ్ల మధ్య రాస్తే వెన్నలా జారుతుంది. 8 పొంగింది కాబట్టి అది సున్నపురాయి జాతి పొడి. అంటే ముగ్గు పిండి అయ్యే అవకాశం ఎక్కువ. ఒక జాగ్రత్త. ముగ్గు పిండి అన్ని ఊళ్లలో ఒకే రాయితో చెయ్యరు. పలుగురాయితో చేసినది నిమ్మరసానికి కదలదు. కాబట్టి "పొంగలేదు, అయితే ముగ్గు పిండి కాదు" అని ఎవరూ అనుకోవద్దు. అయోడిన్‌కు నీలం రాకపోతే అది తినే పిండి కాదు, అది మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

బైరాగిపట్టెడ_నర్సు
సోమవారం, ఉదయం 9:20

సార్, నాదొక ప్రశ్న. పచ్చకర్పూరాన్ని, హారతి కర్పూరాన్ని, బీరువాలో పెట్టే కలరా ఉండలను ఇంట్లో వేరు చెయ్యగలమా? మన ఊళ్లో ప్రతి ఇంట్లో మూడూ ఉంటాయి.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
సోమవారం, ఉదయం 10:00

కలరా ఉండ మాత్రం తెలిసిపోతుంది. నీళ్లలో వేస్తే మునుగుతుంది. కర్పూరం తేలుతుంది. జిడ్డు లేని శుభ్రమైన నీళ్లయితే చిన్న పలుకు నీటి మీద గిరగిరా తిరుగుతుంది కూడా. పిల్లలకు చూపించండి, చేత్తో పట్టుకోనివ్వకండి.

పచ్చకర్పూరానికి, హారతి కర్పూరానికి తేడా ఇంట్లో నమ్మకంగా చెప్పే పరీక్ష లేదు. తేలడం, మండటం రెంటికీ ఒకేలా ఉంటుంది. తీర్థంలోకి, పాయసంలోకి తినేదని రాసిన సీసానే కొని, దాన్ని ఆ సీసాలోనే ఉంచడం తప్ప దారి లేదు. తేనె కూడా అంతే. నీళ్లలో దిగితే మంచిది, వత్తికి రాస్తే మండితే మంచిది అంటారు. చిక్కటి చక్కెర పాకం కూడా నీళ్లలో అలాగే దిగుతుంది. తెలియని చోట తెలిసిందని చెప్పి మీ చేత తినిపించలేను.

కొర్లగుంట_అమ్మ
బుధవారం, సాయంత్రం 6:30

ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మెగ్నీషియం సల్ఫేట్ నిన్న దొరికింది. 2వ డబ్బా నీళ్లలో పోయగానే విరిగిన పాలలా తెల్లటి మడ్డి. కొత్త సోడా నీళ్లు తేటగానే ఉన్నాయి. సోడా వేయించి కూడా చూశాం. 100 గ్రాములు పెడితే మా తూకంలో 65 వచ్చింది. ఇంకాసేపు వేయించాల్సింది అని పాప అంటోంది.

రాత్రి అత్త తనే గుర్తు చేసుకుని చెప్పింది. పండక్కి ఇత్తడి సామాను తోమడానికి అంగట్లో "సోడా" అని అడిగి పొట్లం తెచ్చుకుందట. మిగిలింది వృథా ఎందుకని, సగం ఖాళీ అయిన వంటసోడా డబ్బాలో పోసిందట. ఆమె కళ్లకు రెండూ ఒకటే తెలుపు. చెప్తూ చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. పాప దగ్గరికి పోయి కూర్చుని, ఎర్రబడిన సాసరు చేతికిచ్చి "అవ్వా, నువ్వు నాకకపోవడమే మంచిదయింది" అంది. 8 కూడా ఆమే చెప్పింది, సంక్రాంతికి తెచ్చిన ముగ్గు పిండి.

ఇప్పుడు ఇంకో సాయం కావాలి. చీటీలు రాసినా అత్త చదవలేదు. చేత్తో తడిమి తెలుసుకునేలా డబ్బాలకు ఏం గుర్తు పెట్టొచ్చు?

పలమనేరు_పాలు
బుధవారం, సాయంత్రం 7:05

రబ్బరు బ్యాండ్లు వెయ్యండి అక్కా. మా నాయనకు చూపు తగ్గాక మందు సీసాలకు అలాగే చేశాం. పొద్దున మందుకు ఒకటి, రాత్రి మందుకు రెండు. మూతకు కాదు, డబ్బా నడుముకు.

కెమిస్ట్రీ_ల్యాబ్_సార్
బుధవారం, సాయంత్రం 7:40

పాపకు వీలైనప్పుడు అలిపిరి దారిలోని రీజినల్ సైన్స్ సెంటర్ చూపించండి అమ్మా. నోట్ పుస్తకం జాగ్రత్తగా దాచమనండి, ముఖ్యంగా 6వ డబ్బా తప్పు రాసిన పేజీ.

కొర్లగుంట_అమ్మ
గురువారం, ఉదయం 8:15

బ్యాండ్లు వేశాం. పిండ్లకు ఒకటి, చక్కెర పొడికి రెండు, సోడాకు మూడు, నిమ్మ ఉప్పుకు నాలుగు. మూడు పిండ్లకూ ఒకటే ఎందుకంటే వాటిని వేళ్లతో నలిపి తానే చెప్పగలనంది అత్త. కళ్లు మూసుకుని మూడింటికి మూడూ కరెక్టుగా చెప్పింది. బేకింగ్ పౌడర్ వాడేది నేనే, అది పై అరలో పెట్టుకున్నాను. బట్టల సోడా కలిసిన డబ్బా మూతకు టేపు చుట్టి, తోమే సామాను దగ్గర ఎత్తు మీద పెట్టాను. ముగ్గు పిండి వాకిట్లోకి పోయింది. ఈ పొద్దు ముగ్గు దాంతోనే వేశాం.